ఊఁ చెల్లదు

వెబ్‌సైటు ప్రాజెక్టును మొదటినుంచి మళ్ళీ కట్టే కమాండు కొట్టాడతను. నల్లటి తెర ఏదో అడిగింది. చదవకుండానే ‘ఊఁ’ అని టైపు చేశాడు. ఆఫీసులో అందరూ వాడే ఆ టూలు రాసింది అతని భార్యే. అవుననడానికి ‘ఊఁ’ చాలని సరదాగా పెట్టిందీ ఆవిడే.

‘ఊఁ చెల్లదు. నేనేం అడిగానో చెప్పు’ అంది తెర.

పక్కగదిలో క్లయింటు గడియారం చూసుకుంటున్నాడు. ఇక్కడ ఇతను కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ భార్యకు ఫోను చేశాడు.

“ఎందుకు మార్చావే దీన్ని? ఇక్కడ నా కొంప మునుగుతోంది!”

“ముందది అడిగిందేంటో చదువు.”

చదివాడు. ‘పాత డేటా అంతా చెరిపేయనా?’

“బతికించావు తల్లీ. ఎప్పుడు మార్చావు?”

“పొద్దున. నువ్వు ఊఁ అన్నాక.”

“దేనికన్నాను?”

“వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, నేను వెళ్ళిపోనా అని అడిగాను. ఫోను చూసుకుంటూ ఊఁ అన్నావు. రైలెక్కాను.”

కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. ఫోన్లో అవతల రైలు కూత వేసింది.

“ఇంకా కదల్లేదు. దిగిపోనా?”

అలవాటైన ఆ ఒక్క ముక్కే బయటికొచ్చింది.

“ఊఁ.”

“ఊఁ చెల్లదు” అందామె. “నేనేం అడిగానో చెప్పు.”