ఇంగ్లీషులో లేని మాట

విజయభాస్కర్ గారు పాఠం చెబుతుంటే కిటికీ బయట ఎవరో దగ్గారు.

చూస్తే వరండాలో తలపాగా మనిషి. గోడకు ఆనుకుని శ్రద్ధగా పాఠం వింటున్నాడు.

విజయభాస్కర్ గారు తెనాలి నుంచి బదిలీ మీద ఈ డిగ్రీ కాలేజీకి వచ్చి నెల కూడా కాలేదు. ఫైనలియర్ పిల్లలకు అమెరికన్ కథలు చెబుతారు. మంచి మాస్టారే. కాకపోతే ఏ కథకైనా ఒక్కటే అర్థం ఉంటుందని, అది తన దగ్గరే ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ రోజు కథ ఇది.

అమెరికాలో వానల్లేని ఓ పల్లె. మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. ఒక పొద్దున ఓ రైతు ఇంటి అమ్మాయి గడప దగ్గర నిలబడి తల్లితో "ఐయామ్ గోయింగ్" అంటుంది. చేను దాటి రోడ్డెక్కుతుంది. సాయంత్రం తల్లి బల్ల మీద రెండు కంచాలు పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది.

అంతే, కథ అయిపోతుంది. అమ్మాయి తిరిగి వచ్చిందో లేదో రచయిత రాయలేదు.

రాలేదని మాస్టారు తేల్చేశారు. ఆ రెండో కంచం తల్లి పిచ్చి ఆశ తప్ప మరేమీ కాదని, పరీక్షలో అలాగే రాయమని చెప్పారు.

తలపాగా మనిషి కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"సార్, తప్పనుకోవద్దు. ఆ పాప పోయేటప్పుడు ఏమనింది?"

పిల్లలు నవ్వుతారని మాస్టారు అనుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. అందరూ తలలు వంచుకుని పుస్తకాల్లోకి చూస్తున్నారు.

ఎవరు నువ్వని ఆయన అడిగారు. తనది కణేకల్ పక్కన పల్లె అని, కాలేజీలో పనుండి వచ్చానని ఆ మనిషి చెప్పాడు. ఈ కథ ఇంట్లో సగం విన్నాడట. మిగతా సగం తెలుసుకుందామని నిలబడ్డాడట.

మాస్టారికి ముచ్చటేసింది. ఆ అమ్మాయి అన్న మాటకు 'వెళ్తున్నా' అని అర్థమని చెప్పారు.

"గడపలో నిలబడి అట్ల ఎవురంటారు సార్? పోయొస్తా అనింటాది."

"ఇంగ్లీషులో పోయొస్తా అనే మాట లేదయ్యా."

"మాట లేకపోతే, వాళ్ళ పిల్లోళ్ళు ఇంటికి రారా సార్?"

గంట కొట్టారు. మాస్టారికి ముచ్చట కాస్తా విసుగైంది. ఊచలు వదలకుండా ఆ మనిషి ఆయన నోటి వైపే చూస్తున్నాడు. ఒక్క మాట కోసం చూస్తున్నాడని ఆయనకు తెలుస్తూనే ఉంది. అయినా పాఠం పాఠమే కదా.

"రాదయ్యా. రాయకపోయినా తెలుస్తూనే ఉంది. ఆ అమ్మాయి ఇంక రాదు."

"ఆయమ్మ కంచం పెట్టింది కదా సార్," అన్నాడు ఆ మనిషి మెల్లగా.

మాస్టారు పుస్తకం మూసేశారు.

ఆ మనిషి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. బస్టాండు వైపు నడిచాడు.

మర్నాడు కాలేజీకి బయల్దేరుతూ మాస్టారు వంటింటి వైపు తిరిగి, "వెళ్ళొస్తా" అని కేకేశారు.

అన్నాక, చేతిలో హెల్మెట్‌తో అలాగే నిలబడిపోయారు.

పుట్టి బుద్ధెరిగాక ఏనాడైనా ఇంట్లోవాళ్ళతో ఉత్తినే 'వెళ్తున్నా' అన్నానా అని ఆలోచించారు. అనలేదు. మరి ఆ అమ్మాయి నోట ఆ మాట పెట్టింది తనే. పెట్టి, దాన్ని బట్టే ఆమెను ఇంటికి రాకుండా చేసింది కూడా తనే. ఆయనకు సిగ్గేసింది. ఆ పల్లెటూరి మనిషి మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది.

క్లాసులో ఆ కథ మళ్ళీ తీశారు. నిన్న తొందరపడ్డానని పిల్లల ముందే ఒప్పుకున్నారు. రచయిత ఆ ఇంటి తలుపు తెరిచే ఉంచాడని, దాన్ని మూసే హక్కు చదివేవాళ్ళకు లేదని అన్నారు. వరండాలోకి వినపడాలని కాస్త గట్టిగానే అన్నారు.

వరండాలో ఎవరూ లేరు.

ఆ మనిషి ఆ వారమూ రాలేదు, పై వారమూ రాలేదు. వస్తే కుర్చీ వేసి లోపల కూర్చోబెట్టాలని, ఆ అమ్మాయి వస్తుందని తన నోటితో చెప్పాలని మాస్టారికి ఒకటే ఆరాటం.

చివరికి ముందు బెంచీలో కూర్చునే మౌనికను అడిగారు. కథల మీద అంత ప్రేమ ఉన్న ఆ పెద్దాయన ఎవరమ్మా, రిటైరైన పంతులా అని.

మౌనిక లేచి నిలబడింది.

"పంతులు కాదు సార్. పోయిన శ్రావణంలో పొద్దున కాలేజీకని బస్సెక్కి, ఇంతవరకు ఆచూకీ లేని మా క్లాసు మహేశ్వరి వాళ్ళ నాయన."