సరిపోని తొడుగులు

సోషియాలజీ చదివే పిల్లని చూసి నవ్వింది మీరే. అది చదివి ఏం చేస్తావని అడిగారు గానీ, జవాబు వినే ఓపిక మీకెప్పుడుంది?

ఆ అమ్మాయికి డిగ్రీ చివరి ఏడాది. పారిశుధ్య కార్యాలయంలో రెండు నెలలు పనిచేసి, అధికారి సంతకంతో సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే పట్టా. వీధులు ఊడ్చే ఆడవాళ్ళు చేతి తొడుగులు ఎందుకు వేసుకోవడం లేదో తేల్చమని ఆయన పురమాయించాడు.

రోజూ పొద్దున్నే వాళ్ళ వెంట తిరిగింది. ఒకామె తొడుగు విదిలించి చూపించింది.

"మగాళ్ళ కొలతమ్మా ఇది. ఇందులో ఇద్దరు కాపురం పెట్టొచ్చు. వేసుకుంటే చీపురు నిలవదు."

రిపోర్టులో అదే రాసింది. అధికారి కళ్ళజోడు తీసి నిట్టూర్చాడు.

"అవి కొన్నది నేనే. కొలత సంగతి తీసెయ్యి తల్లీ. వాళ్ళకి అవగాహన లేదని రాయి. సంతకం పెడతా, ఇక్కడే ఉద్యోగం కూడా చూస్తా."

"అవగాహన ఉంది సార్. తొడుగులే సరిపోవు."

"అయితే నీ దారి నువ్వు చూసుకో."

వాదించే శక్తి లేదు ఆమెకి. బయట ఉన్న ఆడవాళ్ళకి సంగతి చెప్పి, సంతకం లేని సర్టిఫికెట్‌తో బస్సెక్కింది. మూడేళ్ళ చదువు మట్టిపాలయిందని మీరూ అనేవారే.

మర్నాడు అధికారి బల్ల మీద ఒక కాగితం ఉంది. కింద ముప్పై ఒక్కమంది వేలిముద్రలు.

ఒకటి: మా చేతులకు సరిపోయే తొడుగులు ఇవ్వాలి.
రెండు: మాకు అవగాహన లేదని ఎక్కడా రాయకూడదు.
మూడు: ఇకమీదట ఏది కొన్నా ముందు మమ్మల్ని అడగాలి.
నాలుగు: మమ్మల్ని అడిగిన పిల్ల సర్టిఫికెట్ మీద ఇవాళే సంతకం పెట్టాలి.