ఖాళీ కుర్చీ మీద గడి

పెద్దవాళ్లకు సోషల్ మీడియా నేర్పే టీచరమ్మ పాఠం ముగించేసరికి చీకటి పడింది. కోడలి కారు కోసం ఆగిన మామ్మగారు క్లాసు ఫోటోలో ఒక్కొక్కరికీ పేర్లు తగిలిస్తున్నారు. మొహం కనబడ్డ చోటల్లా ఫోన్ గడి గీసి, ఎవరని అడుగుతోంది.

చివరి గడి ఖాళీ కుర్చీ మీద పడింది.

"దాని మొహం! ఫోన్ పొరబడింది, వదిలేయండి," అని నవ్వింది టీచరమ్మ.

"పొరపాటేం కాదమ్మా. ఆయన పేరు నువ్వే చెప్పాలి," అన్నారు మామ్మగారు.

"ఎవరాయన?"

"అదేంటి! రోజూ నువ్వు తాళం వేసి బయల్దేరితే నీ వెనకే నడుస్తారుగా. కార్లోంచి చూస్తూనే ఉన్నాను. మీ ఆయనే అనుకున్నాను."

కారు వచ్చింది, మామ్మగారు వెళ్లిపోయారు. టీచరమ్మ తాళం వేసి, ఇంటివైపు కాకుండా రెండోవైపు నడిచింది. వెనక చప్పుడేమీ లేదు. ఇన్నాళ్లూ మాత్రం ఎప్పుడు వినబడింది గనక!