నొప్పుల గోలీ

చదువు నాకు ఆలస్యంగా వచ్చింది, మా ఆయన పోయిన తరువాత. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది, అందుకని చిన్న కథే రాశాను.

"ఇయ్య" అన్నాడు రామస్వామి.

కోరుట్లలో అతనిది మందుల దుకాణం. సకల జనుల సమ్మెతో చుట్టుపక్కల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. మందులకు మాత్రం మినహాయింపు. గల్లా ముందు మొగిలవ్వ నిలబడి ఉంది. ఒంటరి మనిషి, బీడీలు చుట్టి బతుకుతుంది. మెడ నొప్పికి ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం ఇక్కడే గోలీ కొంటుంది.

"ఎందుకియ్యవ్? పుకట్‌కు అడుగుతున్ననా?"

"పొద్దుగాల మీ పక్కింటి నాగవ్వ అచ్చి అంత చెప్పింది. పోయిన నెల జగిత్యాలల డాక్టర్‌కు సూపిచ్చుకున్నవట. నొప్పుల గోలీలు మింగి మింగి లివర్ ఖరాబైంది, ఇంక మింగితే బతకవ్ అన్నడట. గా ముచ్చట నాకు చెప్పకుంట రోజు అచ్చి కొంటున్నవ్. నన్ను ఖూనీకోరును చేస్తవా?"

"నాగవ్వ బీడీలకన్న ముచ్చట్లే ఎక్కువ చుడుతది."

"ఆమె చెప్పింది అబద్ధమా?"

మొగిలవ్వ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది.

"చౌరస్తల వంటావార్పు నడిసినన్ని దినాలు నీ మొకమే కనవడలే. వేరే దుకాన్ల కొన్నవా?"

"ఏడ కొనలే. ఒక్కొక్క దినం ఒక్కొక్క కులపోళ్లు రోడ్డు మీదనే వండి అందరికి పెట్టిన్రు. నేను గాడనే ఉన్న."

"గోలీ లేకుంటనే ఉన్నవా? నన్ను నమ్మమంటవ్."

అంతలో అంజి అనే కుర్రాడు వచ్చాడు. ర్యాలీలో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"తలకాయ పలుగుతున్నదన్నా. ఒక గోలీ ఇయ్యి."

రామస్వామి కత్తెరతో పట్టీలోంచి ఒకటి కత్తిరించాడు. "తిన్నవా?"

"తిన్న."

"ఖాళీ కడుపుల మింగకు మల్ల."

అంజి వెళ్ళేదాకా మొగిలవ్వ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"వానికిస్తివి" అంది.

"వాని లివర్ మంచిగున్నది. నువ్వు ఇంటికి పో అవ్వా." కత్తెర సొరుగులో పడేసి, షట్టర్ సగం దించాడు.

ఆమె కదల్లేదు. "ఒక్కటే ఇయ్యి కొడుకా. ఇయ్యాల ఒక్కటే."

"కాళ్లు మొక్కినా ఇయ్య. ఇన్నేండ్లు ఇచ్చిందే తప్పైంది."

మొగిలవ్వ కొంగు ముడి విప్పి గల్లా మీద గుమ్మరించింది. అన్నీ కత్తిరించిన పట్టీ ముక్కలు. ప్రతి ముక్కలోనూ గోలీ అట్లాగే ఉంది. ఒక్కదాని రేకు కూడా చిరగలేదు.

రామస్వామి వాటిని వేలితో కదిపి చూశాడు. "ఇవి నేనిచ్చినవే గద. మింగనే లేదా?"

"డాక్టర్ వద్దన్ననాటి సంది ఒక్కటి మింగలే. బతకాలని నాకు మాత్రం లేదా?"

"మరి మెడ నొప్పి?"

"ఓర్సుకుంటున్న."

"మింగనిదానివి రోజు ఎందుకు కొంటున్నవే అవ్వా?"

మొగిలవ్వ చౌరస్తా వైపు చూసింది. వంటావార్పు అయిపోయింది. పొయ్యి రాళ్ళు మాత్రం రోడ్డు మీద అట్లాగే ఉన్నాయి.

"గక్కడ ఉన్నన్ని దినాలు నలుగురు అడిగిన్రు. పొయ్యిలు ఆరినంక మల్ల నువ్వొక్కనివే మిగిలినవ్" అంది. "గోలీ ఒద్దు గాని కొడుకా, గది చేతిల పెట్టేముంగట అడుగుతవ్ సూడు, తిన్నవా అని. గదొక్కటి అడుగు. పోత."

— పోచవ్వ
వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది గంభీరావుపేటలో.