కోడి ఈక ఆట

“పట్టుకో మొగిలమ్మా, పోరి ఉరుకుతాంది!”

నర్సు వజీరా అరిచేలోపే ఐదేళ్ల చిలుకమ్మ తల్లి చెయ్యి విదిలించుకుని బడి తలుపు వెనక దూరింది. తలుపుకు అంటించిన కుష్టు పోస్టరు చర్రున చిరిగి సగం వేలాడింది.

వజీరాకు ఏడుపొక్కటే తక్కువ. టీకాల డబ్బాలో ఐసు కరిగిపోతోంది. నర్సంపేట బస్సు వచ్చే వేళయింది. ఈ పిల్ల ఒక్క కేక పెడితే చాలు, వరండాలో ఉన్న తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని ఇళ్లకు పోతారు.

“నీ కాళ్లు మొక్కుత సిస్టరమ్మా, సూది ఎయ్యకుండ పోకు,” మొగిలమ్మ ఏడుస్తూ అడ్డం నిలబడింది. “పెద్దోడు గొంతువాపుతోని నా ఒళ్లెనే పాణమిడిసిండు. ఇది గూడ పోతె నేను బతుకను.”

వజీరా టీకాల డబ్బాను కింద పెట్టింది. ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూసి, వాకిట్లో పడున్న కోడి ఈకను తీసింది.

“చిలుకా, ఆట ఆడుదమా? కండ్లు మూసుకో. ఈక యాడ తాకితే ఆ జాగ పేరు చెప్పాలె.”

తలుపు సందులోంచి రెండు కళ్లు కనిపించాయి. “సూది?”

“ముందుగాల ఆట.”

చిలుక వచ్చి తల్లి ఒడిలో కూర్చుని కళ్లు మూసుకుంది. కుడిచేత్తో తల్లి మెడను గట్టిగా చుట్టి పట్టుకుంది. ఇక అందేది ఎడమ చెయ్యే. రెట్ట మీద పాలిపోయిన మచ్చ ఉంది. దుమ్మనుకుని వజీరా స్పిరిట్ దూదితో తుడిచింది. పోలేదు.

“ఎండ మచ్చ సిస్టరమ్మా,” అంది మొగిలమ్మ.

ఈక కదిలింది.

“ముక్కు! చెవి!” చిలుక కిలకిలా నవ్వింది. “మెడ!”

ఈక మెడ మీద ఉండగానే సూది మచ్చలో దిగి బయటికొచ్చింది. పిల్ల ఉలిక్కి కూడా పడలేదు.

వరండాలో తల్లులు నోళ్లు వెళ్లబెట్టారు. ఒకామె తన కొడుకును ముందుకు తోసింది. మొగిలమ్మ ఏడుస్తూనే నవ్వింది.

“నా బిడ్డ గట్టిది సిస్టరమ్మా. ఎండకాలం గా రెట్ట మీదనే ఉడుకు గంజి పడ్డా కుయ్యిమనలె.”

వజీరా నవ్వు ఆగిపోయింది. ఎంత ఆటలో ఉన్నా సూది దిగితే చెయ్యి కొంచెమైనా అదరాలి. ఆమె చూపు తలుపు మీద వేలాడుతున్న పోస్టరు మీదికి, అందులో ‘స్పర్శ లేని మచ్చ’ అన్న అక్షరాల మీదికి పోయింది.

“ఇంకొక్కపారి ఆడుదమా, చిలుకా?”

పిల్ల సంబరంగా కళ్లు మూసుకుంది. వజీరా ఈకను మచ్చ మీద మెల్లగా రాసింది. తర్వాత ఈకను తిప్పి, మొదలుతో గట్టిగా రాసింది.

“ఈక ఇంకెప్పుడు పెడ్తవ్ అక్కా?” అంది చిలుక, కళ్లు మూసుకునే.