దొరగారి ఆట

"ఈయన హార్లన్ దొరగారు కానే కాదు. దొరగారి నోట్లో చుట్టేమిట్రా?" అంది కృపావరం.

1983లో ఒక ఆదివారం, అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతున్న గరాజ్ సేల్‌లో దొరికిన పాత బేస్‌బాల్ ఫోటో అది. ఆమె కొడుకు ఏసుపాదం దాని మీద భూతద్దం పెట్టాడు.

"ఆ తెగిన చెవి చూడమ్మా. తాతకి బాప్తిస్మమిచ్చిన దొరే. మన హాల్లో యేసుప్రభువు పక్కన వేలాడుతున్నాడే, ఆయనే. ఇండియా రాకముందు."

"ఎప్పటిదది?"

"ఫోటోలో బంతి మీద జూలై నాలుగని రాశారు, ఏడాది లేదు. కానీ ఈ చొక్కాల టీమ్ ఆడింది ఒక్క 1886 సమ్మర్‌లోనే. డేట్ ఫిక్స్ చేసేశాను," అన్నాడు గర్వంగా.

"ఏ వారం?"

అది అతనికి తట్టనే లేదు. పాత క్యాలెండర్ల పుస్తకం తీసి చూశాడు. తల గోక్కున్నాడు.

"ఆదివారం."

కృపావరం దొరగారి చేతిలోని బ్యాటు మీద వేలు పెట్టింది.

"ఆదివారం పూట బిళ్లంగోడు ఆడావని మీ నాన్న నీ వీపు చీరేశాడు. దొరగారు పెట్టిన కట్టడి అన్నాడు. అడ్డమొచ్చినందుకు నాకూ రెండు పడ్డాయి."

"పోనీలే అమ్మా. ఆల్బమ్‌లో పెట్టేస్తాను."

"ఆల్బమ్‌లో ఎందుకు? ఫ్రేమ్ కట్టించు. మీ నాన్న ఫోటోకి ఎదురుగా తగిలించు. చూడనీ."