కత్తెర పిట్టలు

"ఇది పిట్టా, చెప్పా?" అన్నాడు డిజైనరు.

భార్య ఆ కాగితపు ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. "పిట్టే. ఇదిగో ముక్కు."

"నేను మడమ అనుకున్నాను."

"అంత తెలిసినవారు మీరే కత్తిరించుకోండి" అని కత్తెర మంచం మీద పడేసింది. మరుక్షణమే నాలుక్కరుచుకుని మళ్ళీ తీసుకుంది. ఈమధ్య డిజైనరు వేళ్ళు మౌసు మాట వింటున్నాయి గానీ కత్తెర మాట వినడం లేదు.

ముప్పై ఏళ్ళుగా అతను ఊరందరికీ పోస్టర్లు వేశాడు. సబ్బులకు వేశాడు, బూట్లకు వేశాడు, ఎన్నికల్లో ఓడిపోబోయేవాళ్ళకు కూడా నవ్వుమొహాలతో వేశాడు. వచ్చిన ప్రతి క్లయింటూ అతనికి డిజైను నేర్పిపోయినవాడే. ఈ పోస్టరు మాత్రం అతని సొంతం. తన సభకు తనే వేసుకుంటున్నాడు. ఎన్నడూ లేనిది, ఆఫీసువాళ్ళు అడక్కముందే సెలవిచ్చి "నిదానంగా చేసుకోండి సార్" అన్నారు. వాళ్ళ నోట నిదానమనే మాట వినడం అదే మొదలు.

ఆమె కాగితం మడిచి పిట్టలూ చేపలూ కత్తిరించేది. అతను దిండుకు ఆనుకుని, వాటిని స్కాన్ చేసి, ఒడిలోని లాప్‌టాప్‌లో తిప్పి, బోర్లించి, జతకట్టేవాడు. రెండు చేపల్ని మూతీ మూతీ ఆనించి నిలబెడితే ఆకైంది. ఆకుల్ని గుండ్రంగా తిప్పితే పువ్వైంది. చెప్పు పిట్ట మాత్రం ఎటు తిప్పినా చెప్పుగానే ఉంది.

"దీని అంచు వంకరపోయింది. సరిచేస్తారా?"

"ఉండనీ. తిన్నటి గీతలు గీసీ గీసీ మొహం మొత్తింది."

క్లయింట్లు లేరు కదా అని సంబరపడేలోగా చుట్టాలు దిగారు. ముందుగా పెద్దక్క.

"నీ సభకి నువ్వే పోస్టరు వేసుకోవడమేమిట్రా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఎలాగూ వస్తారుగా అక్కా. అప్పుడడుగు."

"ఫొటో ఏదీ? ఫొటో లేకుండా సభేమిటి? ఎవరి కోసం వచ్చారో జనానికి తెలియొద్దూ?"

"నా మొహం చూసి ఎవరైనా హాల్లోకి వచ్చారా ఇప్పటిదాకా?"

అక్క నవ్వలేదు. "పిట్టలు మసగ్గా ఉన్నాయిరా" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మసక పిట్టల్లో లేదని చెప్పి ఆవిడతో వాదం పెట్టుకునే ఓపిక అతనికి లేదు.

తర్వాత బావమరిది వచ్చాడు. ఫర్నిచర్ షాపు నడిపే మనిషి. సోఫాకైనా సభకైనా ఒకటే కొలత అతనికి.

"పేరు ఇంత చిన్నదా బావా? రోడ్డు అవతలికి కనబడాలి. బంగారు రంగు వెయ్యి."

"అలాగే."

"హాలు మాట్లాడాను. తేదీ చెబితే ఖాయం చేస్తామన్నారు."

"తేదీ నా చేతిలో లేదురా."

బావమరిది చప్పున మాట మార్చాడు. "మీ మేనేజరు కూడా మాట్లాడతానన్నాడు. నీ అంతటి పనివాణ్ణి చూడలేదట."

"ముప్పై ఏళ్ళు పక్క గదిలోనే ఉన్నాడు. ఆ ముక్క చెప్పడానికి సభ దాకా ఆగడమెందుకో."

డిజైనరు ఎవరి మాటా కాదనలేదు. అది వృత్తిలో అబ్బిన విద్య. పేరును వెంట్రుకవాసి పెంచాడు. అక్క అడిగిన ఫొటోకి బదులు మూలన ఒక పువ్వు పెట్టాడు. ఫైలు పేరు మాత్రం "ఫైనల్" తీసేసి "ఇదే ఫైనల్" అని మార్చాడు. ఇద్దరూ వచ్చి చూసి, నా మాట విన్నాడంటే నా మాట విన్నాడని మురిసిపోయారు.

మూడో రోజుకి పోస్టరు నిలబడింది. ముదురు నీలం. కింద వంకర అంచుల ఆకులు, వాటి మీదుగా పైకి లేస్తున్న తెల్లటి పిట్టలు. కత్తెర ఎక్కడ తడబడిందో అక్కడే పిట్టకి ప్రాణం వచ్చినట్టుంది. అన్నిటికంటే పైన, మిగతావాటికి దూరంగా, చెప్పు పిట్ట.

భార్య దగ్గరికి జరిగి చూసింది.

"దాన్ని అక్కడ పెట్టారేమిటి? అందరూ నవ్వరూ?"

"నవ్వితే మంచిదేగా. ఆ హాల్లో ఇంకెందుకు నవ్వుతారు?"

ఆమె ఒడిలో పడిన కాగితపు తుంపుల్ని ఒక్కొక్కటే ఏరుకుంటూ కూర్చుంది.

"ఇంకొక్క లైను మిగిలింది" అన్నాడు.

"రేపు చూద్దురుగాని. ఈ ఒక్కసారి ఆలస్యమైతే ఎవరూ కోప్పడరు."

"ఇన్నేళ్ళలో ఒక్క గడువూ తప్పలేదే నేను."

"తప్పండి" అంది ఆమె. ఎప్పుడూ పెంచని గొంతు పెంచి, "ఈసారికి తప్పండి!"

అతను నవ్వాడు. లాప్‌టాప్ ఆమె వైపు కాస్త తిప్పాడు. తన పేరు కింద పుట్టిన తేదీ కొట్టి, పక్కన చిన్న అడ్డగీత గీసి, గీతకు అవతల ఇంకో తేదీ పట్టేంత చోటు వదిలి, అక్కడ అంకెలు ఎలా కొట్టాలో ఆమెకు నేర్పించడం మొదలుపెట్టాడు.